కొత్త నర్సు వార్డులో నిలదొక్కుకోవాలంటే ముందుగా ఏ పని చేతికి రావాలి?

స్కిల్‌ల్యాబ్ ట్యూటర్, గుంటూరు
అందరికీ నమస్కారం. బీఎస్సీ నర్సింగ్ సెమిస్టర్ పద్ధతిలోకి వచ్చాక ఎనిమిదో సెమిస్టర్ అంతా ఇంటర్న్‌షిప్‌కే ఇచ్చారు. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) మూడో ఏడాదిలోనూ ఇంటర్న్‌షిప్ ఉంది. అయినా ఉద్యోగంలో చేరిన మొదటి మూడు నెలల్లో డ్యూటీ టైమ్ దగ్గరపడుతుంటేనే గుండె దడ పట్టుకునే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. "ఈ కాలం పిల్లలకు ఓర్పు లేదు" అనేసి వదిలేస్తే వాళ్లకీ మేలు జరగదు, పేషెంట్‌కీ జరగదు. అమెరికాలో మార్లీన్ క్రేమర్ 1974లోనే దీనికి రియాలిటీ షాక్ అని పేరు పెట్టారు: మొదట ముచ్చట, తర్వాత దెబ్బ, ఆ తర్వాత తేరుకోవడం, చివరికి కుదురుకోవడం. ఆ దెబ్బ దశ రెండు నెలల్లో దాటిపోతుందా, ఏడాది లాగుతుందా అన్నది చాలావరకు చేతిలో ఉన్న పనిని బట్టే ఉంటుందని నా నమ్మకం. అందుకే అడుగుతున్నాను. ఏ స్కిల్ లోటు వార్డులో ఏ రూపంలో బయటపడుతుంది? సొంత కథలు వద్దు. స్టెప్పులు, కొలతలు, ఎక్కడ తప్పుతుంది, ఎందుకు తప్పుతుంది, ఇవి రాయండి. కొత్త బ్యాచ్‌కి ప్రాక్టీస్ షీట్ తయారు చేయాలి.

ఐసీయూ నైట్ బ్రదర్, హైదరాబాద్
మేడమ్, నా ఓటు క్యాన్యులాకి, అంటే సెలైన్ కోసం నరంలో పెట్టే ప్లాస్టిక్ గొట్టానికి. చిన్న పని అనిపిస్తుంది గానీ కొత్తవాళ్ల ధైర్యం మొదట చెదిరేది దాని దగ్గరే. పేషెంట్ చూస్తుంటాడు, పక్కన అటెండర్లు, అంటే పేషెంట్ తాలూకు వాళ్లు, నిలబడి ఉంటారు. రెండుసార్లు తప్పితే "సీనియర్ సిస్టర్‌ని పిలవండి" అంటారు. ఆ మాటతో ఆ రోజంతా పోతుంది.

తప్పు ఎక్కువగా జరిగేది ఒక్క చోట. రక్తం కనిపించగానే సూది అక్కడే ఆపి ప్లాస్టిక్ గొట్టాన్ని తోసేస్తారు. సూది మొన గొట్టం అంచుకంటే కాస్త ముందుకు ఉంటుంది కదా, అంటే రక్తం కనిపించేసరికి మొన మాత్రమే నరంలో ఉంది, గొట్టం ఇంకా బయటే ఉంది. అప్పుడు తోస్తే నరం గోడని నెట్టుకుంటూ పక్కకు పోతుంది, సెలైన్ పెట్టగానే వాపు వస్తుంది. చేయాల్సింది ఇది: 15 నుంచి 30 డిగ్రీల వాలులో గుచ్చాలి. రక్తం కనిపించగానే చేతిని దించి, సూదిని చర్మానికి దాదాపు సమాంతరంగా తెచ్చి, ఇంకో 2–3 మిల్లీమీటర్లు లోపలికి పంపాలి. అప్పుడు సూదిని కదలకుండా పట్టుకుని గొట్టాన్ని జారనివ్వాలి. టూర్నికే (చేతికి బిగించే పట్టీ) విప్పి, గొట్టం చివర ఉన్న చోట నరాన్ని వేలితో నొక్కి, ఆ తర్వాతే సూది తీయాలి. ఒకసారి వెనక్కి తీసిన సూదిని మళ్లీ గొట్టంలోకి దూర్చకూడదు. అది గొట్టం అంచుని కోస్తే ఆ ముక్క రక్తంలో కొట్టుకుపోతుంది.

వృద్ధుల్లో నరం అటూ ఇటూ జారుతుంది. ఎడమచేతి బొటనవేలితో చర్మాన్ని కిందికి లాగి బిగించకపోతే ఎంత అనుభవం ఉన్నా తప్పుతుంది. టూర్నికే గుచ్చే చోటికి 7–10 సెంటీమీటర్ల పైన కట్టాలి, రెండు నిమిషాలు దాటనివ్వకూడదు. క్లోర్‌హెక్సిడిన్ స్పిరిట్‌తో 30 సెకన్లు రుద్దాక దాన్ని ఆరనివ్వాలి. తడి మీద గుచ్చితే మంట పుడుతుంది, పేషెంట్ చెయ్యి లాగేస్తాడు. సైజు కూడా ఆలోచించి తీయాలి: రక్తం ఎక్కించే పెద్దవాళ్లకి పచ్చ 18 గానీ పింక్ 20 గానీ, మామూలు యాంటీబయాటిక్‌కి నీలం 22 చాలు.

ఇదంతా ఎందుకు రాశానంటే, చేతికి పని అలవాటు కానంతకాలం బుర్ర మొత్తం ఆ సూది మొన మీదే ఉంటుంది. అదే సమయంలో పేషెంట్ ఆయాసపడుతున్నా కంటికి ఆనదు. పని చేతికి వచ్చేస్తే క్యాన్యులా పెడుతూనే ఒళ్లు చల్లగా ఉందా, మాట తడబడుతోందా అని గమనిస్తారు. చుట్టూ చూడగలుగుతున్నారంటే కుదురుకున్నట్టే.

ఫ్లోర్ ఇంచార్జ్, విజయవాడ
బ్రదర్ చెప్పింది నిజమే గానీ నేను పూర్తిగా ఒప్పుకోను. క్యాన్యులా రెండు నెలల్లో అందరికీ వస్తుంది. ఆరు నెలలైనా రానిది ఇంకొకటి ఉంది: ఎనిమిది మంది పేషెంట్లని ఒక షిఫ్ట్‌లో మోయడం. కాలేజీలో ఒక స్టూడెంట్‌కి ఒక పేషెంట్‌నో ఇద్దరినో ఇచ్చి కేర్ ప్లాన్ రాయిస్తాం. ఐఎన్‌సీ (ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్) లెక్క ప్రకారం జనరల్ వార్డులో ఒక నర్సుకి ముగ్గురి నుంచి ఐదుగురు. ఆ లెక్క అమలు కాని చోట కొత్తమ్మాయి ఒక్కసారిగా ఎనిమిది మందిని ఎత్తుకోవాల్సి వస్తుంది. ఒక్కొక్క పని విడిగా ఇస్తే బాగానే చేస్తుంది. అన్నీ కలిపితే మధ్యాహ్నం 12కి ఇంకా 10 గంటల మందులు ఇస్తూ ఉంటుంది. ఆమెకి పని రాదని అందరూ అనుకుంటారు, ఆమె కూడా అలాగే అనుకోవడం మొదలుపెడుతుంది. అసలు నష్టం అక్కడే.

దీనికి మందు మొదటి గంటలో ఉంది. ఉదయం డ్యూటీ 8 నుంచి 2 అనుకుందాం. ఓవర్, అంటే డ్యూటీ అప్పగింత, కౌంటర్ దగ్గర కాకుండా మంచం దగ్గరే తీసుకోవాలి, తల నుంచి పాదాల దాకా ఒకే వరుసలో: చేతి బ్యాండ్ మీద పేరు, మెలకువగా ఉన్నారా, ఆక్సిజన్ ఎన్ని లీటర్లు, రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం) మీద గుర్తు ఎక్కడుంది, క్యాన్యులా ఏ తేదీది, బాటిల్‌లో ఎంత మిగిలింది, పంప్ రేటు ఎంత, డ్రెయిన్‌లో ఎంత, యూరోబ్యాగ్‌లో ఎంత, వీపు మీద పుండు ఉందా. వరుస ఎప్పుడూ మారకూడదు. వరుస ఉంటే మరచిపోయినది ఖాళీగా కనబడుతుంది.

తర్వాత ఒక తెల్ల కాగితం. అడ్డంగా గంటలు, నిలువుగా బెడ్ నంబర్లు. మందులు, షుగర్ చెకింగ్, డ్రెస్సింగ్, స్కాన్‌కి పంపడం, డిశ్చార్జ్ అన్నీ గడుల్లో పడాలి. గడులు నిండాక 10 గంటలకి ఏడు పనులు పడ్డాయని ముందే తెలుస్తుంది, అప్పుడే సాయం అడగొచ్చు. 10:40కి అడిగితే ఎవరూ ఖాళీగా ఉండరు.

ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది కూడా నేర్పాలి. గట్టిగా పిలిచే బెడ్ దగ్గరికి పరుగెత్తడం కొత్తవాళ్ల సహజ అలవాటు. నిశ్శబ్దంగా మగతగా ఉన్న పేషెంట్ దగ్గరికి ముందు వెళ్లాలి. శ్వాస, బీపీ, స్పృహ, ఈ మూడింటిలో తేడా ఉన్నవాళ్లు మొదట. టైమ్ దాటకూడని మందులు, అంటే ఇన్సులిన్, యాంటీబయాటిక్, ఫిట్స్ మందు, తర్వాత. బెడ్‌షీట్ మార్చమని అడిగిన వాళ్లకి "పదిన్నరకి వస్తానమ్మా" అని టైమ్ చెప్పి, ఆ టైమ్‌కి తప్పకుండా వెళ్లాలి. అటెండర్ల కోపం సగం అక్కడే చల్లారుతుంది.

ఇంకో మాట. ఇవ్వని మందుకి ముందే సంతకం పెట్టే అలవాటు ఈ టైమ్ ఒత్తిడిలోంచే పుడుతుంది. మొదటి వారంలోనే మాన్పించకపోతే ఎప్పటికీ పోదు.

ఫార్మకాలజీ ట్యూటర్, వరంగల్
ఇద్దరూ మందుల లెక్క వదిలేశారు. కొత్తవాళ్ల భయాల్లో పెద్దది ఇదే, భయపడటంలో అర్థం కూడా ఉంది. ప్రాక్టీస్ షీట్‌లో ఈ నాలుగు తప్పకుండా పెట్టండి మేడమ్.

ఒకటి, చుక్కల లెక్క. ఎంఎల్‌ని సెట్ మీద రాసిన చుక్కల సంఖ్యతో (ఒక ఎంఎల్‌కి ఎన్ని చుక్కలో) హెచ్చించి నిమిషాలతో భాగించాలి. 500 ఎంఎల్ ఆరు గంటల్లో వెళ్లాలి, సెట్ 20 చుక్కలది అంటే 500 × 20 ÷ 360, దాదాపు 28 చుక్కలు. నిమిషమంతా లెక్కపెట్టే తీరిక లేకపోతే 15 సెకన్లకి 7 చుక్కలు. మైక్రోడ్రిప్ 60 చుక్కలది కాబట్టి గంటకి ఎన్ని ఎంఎల్ అయితే నిమిషానికి అన్నే చుక్కలు. పేషెంట్ చెయ్యి మడిచినా మంచం ఎత్తు మార్చినా రేటు మారిపోతుంది. ఒకసారి సెట్ చేసి వెళ్లిపోతే కుదరదు.

రెండు, ఇన్సులిన్. మన దేశంలో 40 యూనిట్ల వయల్, 100 యూనిట్ల వయల్ రెండూ దొరుకుతాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే వచ్చేది 20 యూనిట్లు కాదు, 50. రెండున్నర రెట్లు. తిరగేస్తే డోసు తక్కువై షుగర్ దిగదు, కారణం ఎవరికీ తెలియదు. వయల్ మీద సంఖ్య, సిరంజి మీద సంఖ్య పక్కపక్కన పెట్టి పైకి చదవడం అలవాటు చేయాలి.

మూడు, పొటాషియం క్లోరైడ్. 15 శాతం ఆంప్యూల్ 10 ఎంఎల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్లు ఉంటాయి. నేరుగా నరంలోకి ఎప్పుడూ, ఎవరు చెప్పినా ఇవ్వకూడదు. గుండె ఆగిపోతుంది. మామూలు క్యాన్యులాలో గంటకి 10 దాటకూడదు, కాబట్టి ఒక ఆంప్యూల్ 500 ఎంఎల్‌లో కలిపితే కనీసం రెండు గంటలు. వేలాడుతున్న బాటిల్‌లోకి ఇంజెక్ట్ చేసి వదిలేస్తే మందు బరువుకి కింద పోర్ట్ దగ్గరే చేరుతుంది, మొదటి కొద్ది ఎంఎల్‌లోనే చిక్కగా వెళ్లిపోతుంది. బాటిల్‌ని దించి, క్లాంప్ మూసి, మందు వేసి, పదిసార్లు తలకిందులు చేసి, లేబుల్ అంటించి, అప్పుడు తగిలించాలి. మూత్రం సరిగా వస్తోందో లేదో ముందే చూడాలి.

నాలుగు, బీపీ నిలబెట్టే నార్‌అడ్రినలిన్. 50 ఎంఎల్ సిరంజిలో 4 మిల్లీగ్రాములు అంటే ఎంఎల్‌కి 80 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి కిలోకి నిమిషానికి 0.1 మైక్రోగ్రామ్ కావాలంటే నిమిషానికి 6, గంటకి 360, దాన్ని 80తో భాగిస్తే గంటకి 4.5 ఎంఎల్. ఈ లెక్క కాగితం మీద పదిసార్లు చేయించండి. పంప్ ముందు నిలబడి మొదటిసారి చేయాల్సిన లెక్క కాదు ఇది.

వీటితోపాటు కలపకూడనివి. ఫెనిటాయిన్ డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే గడ్డకడుతుంది, నార్మల్ సెలైన్‌లోనే ఇవ్వాలి, నిమిషానికి 50 మిల్లీగ్రాములు దాటకూడదు. సెఫ్ట్రియాక్సోన్ రింగర్ లాక్టేట్‌తో ఒకే లైన్‌లో పోకూడదు, అందులోని కాల్షియంతో కలిసి గడ్డకడుతుంది. వాంకోమైసిన్ ఒక గ్రాము కనీసం గంటసేపు. తొందరపెడితే ముఖం, మెడ ఎర్రబడి బీపీ పడుతుంది, అప్పుడు ఎలర్జీ అనుకుని అందరూ కంగారుపడతారు.

ఫ్రెషర్, నెల్లూరు
ఒక ప్రశ్న అండీ. డీఎంఓకి (డ్యూటీ డాక్టర్‌కి) ఫోన్ ఎప్పుడు చేయాలి? చిన్నదానికి చేస్తే కోప్పడతారు, చేయకపోతే ఎందుకు చెప్పలేదంటారు. నంబర్ ఏదైనా ఉందా, ఇంత దాటితే చేయాలి అని?

ఐసీయూ నైట్ బ్రదర్, హైదరాబాద్
ఉంది అమ్మా. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో విడుదల చేసిన న్యూస్-2 స్కోరు. శ్వాస, ఆక్సిజన్ సాచురేషన్, ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, పల్స్, స్పృహ, టెంపరేచర్, ఈ ఏడింటికీ మార్కులు. మొత్తం 5 వస్తే వెంటనే డాక్టర్ చూడాలి, గంటకోసారి చెక్ చేయాలి. 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఎమర్జెన్సీ. ఒక్కదానికే 3 వచ్చినా చెప్పాలి.

ఉదాహరణ చూడు. శ్వాస 24, సాచురేషన్ గాలిలోనే 93, బీపీ 104, పల్స్ 114, మెలకువగానే ఉన్నారు, టెంపరేచర్ 38.4. విడివిడిగా చూస్తే ఏదీ భయపెట్టదు. మార్కులు వేస్తే 2, 2, 1, 2, 0, 1. మొత్తం 8. ఇన్ఫెక్షన్ ఉన్న పేషెంట్ అయితే ఇది సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీయడం) మొదలు కావచ్చు. నీ మనసుకి అనుమానం వచ్చి చెప్పలేకపోయినదాన్ని ఈ 8 చెబుతుంది.

కానీ శ్వాస నిజంగా లెక్కపెట్టాలి. చాలా చార్టుల్లో అందరికీ 20 అని ఉంటుంది. నిమిషం పూర్తిగా, పేషెంట్‌కి తెలియకుండా, పల్స్ పట్టుకున్నట్టే చెయ్యి ఉంచి ఛాతీ చూడాలి. మొట్టమొదట మారేది శ్వాసే. అది తప్పుగా రాస్తే మిగతా స్కోరు ఎందుకూ పనికిరాదు. సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) వాళ్లలో కార్బన్ డయాక్సైడ్ పేరుకునేవాళ్లకి సాచురేషన్ లక్ష్యం 88–92, వాళ్లకి రెండో స్కేల్ వాడాలి, అది డాక్టర్ నిర్ణయించాలి.

ఫ్లోర్ ఇంచార్జ్, విజయవాడ
ఫోన్ చేసే ముందు కేస్ షీట్ చేతిలో ఉండాలి, చివరి ల్యాబ్ రిపోర్టులు తెరిచి ఉండాలి. మాట వరుస ఎస్‌బార్: ఇప్పుడేమైంది, ఎవరు, ఎందుకు చేరారు, నేనేమనుకుంటున్నాను, మీరేం చేయాలి. "సార్, 312 పేషెంట్ ఎలాగో ఉన్నారు" అంటే ఎవరికైనా విసుగే. ఇలా చెప్పాలి: "సార్, ఫీమేల్ వార్డు నుంచి స్టాఫ్‌ని. 312లో పేషెంట్ న్యూస్ స్కోరు 3 నుంచి 8కి పెరిగింది. నిన్న కడుపు ఆపరేషన్ అయింది. శ్వాస 24, బీపీ 104, టెంపరేచర్ 38.4. సెప్సిస్ అనిపిస్తోంది. పది నిమిషాల్లో వచ్చి చూడగలరా? ఈలోపు ఆక్సిజన్ పెట్టమంటారా, కల్చర్ తీయమంటారా?" ఫోన్‌లో చెప్పిన ఆర్డర్‌ని తిరిగి చదివి వినిపించాలి, టైమ్ రాయాలి. రాకపోతే పైవాళ్లకి చేయాలి, అది ఫిర్యాదు కాదు. నీ ఉద్యోగంలో అదీ ఒక పని.

కొత్తవాళ్లకి ఎస్‌బార్‌లో చివరి రెండు భాగాలే నోట్లోంచి రావు. "నాకు అనిపిస్తోంది" అనడానికి భయం. ల్యాబ్‌లో బొమ్మ మీద ఇంజెక్షన్ నేర్పినట్టే, ఫోన్ చేతికిచ్చి ఈ మాటలు పైకి పలికించాలి మేడమ్.

స్టాఫ్ నర్స్, లీడ్స్
మన తెలుగు నర్సులు బ్రిటన్ వచ్చాక ఇదే విషయం తిరగబడుతుంది. ఇండియాలో ఐసీయూలో చేసినవాళ్లకి క్యాన్యులా నీళ్లు తాగినంత సులువు. ఇక్కడ చేరగానే ఆ పని చేయనివ్వరు. క్యాన్యులాకీ ఐవీ మందులకీ ఆ ట్రస్టు (హాస్పిటల్ నడిపే సంస్థ) శిక్షణ పూర్తి చేసి, ఎవరో ఒకరు చూసి సంతకం పెట్టాక గానీ ముట్టుకోకూడదు. నా చేతిలో పనిని తీసేశారన్న బాధ చాలామందిని కుంగదీస్తుంది. మరోవైపు అక్కడ అటెండర్లో ఆయాలో చేసే పనులు, అంటే స్నానం చేయించడం, తినిపించడం, పక్క మార్చడం, ఇక్కడ నర్సు బాధ్యతలోవి. ఇక్కడ రిజిస్ట్రేషన్‌కి ఇచ్చే ఓఎస్‌సీఈ ప్రాక్టికల్ పరీక్షలో కూడా పేషెంట్‌ని అంచనా వేయడం, ప్లాన్ రాయడం, అమలు, మళ్లీ చూసుకోవడం ఉంటాయి. ప్లాన్ రాతలో ఉంటుంది, పేషెంట్ దగ్గర చేసే పనులు నోటితో మాట్లాడుతూ చేయాలి. చేతితో బాగా చేసి మౌనంగా ఉంటే మార్కులు పోతాయి. పేషెంట్‌కి ప్రతి స్టెప్పు వివరించి, అనుమతి అడిగి ముట్టుకోవడం ఇంటి దగ్గర ట్రైనింగ్‌లోనే అలవాటైతే ఇక్కడ కుదురుకోవడం చాలా తేలిక.

ఇక్కడి మంచి ఒకటి మన దగ్గర కూడా పెట్టొచ్చు. కొత్తగా రిజిస్టర్ అయినవాళ్లకి ప్రిసెప్టర్ అని ఒక సీనియర్‌ని కేటాయిస్తారు. మొదటి కొద్ది వారాలు కొత్తవాళ్లని స్టాఫ్ లెక్కలో కలపరు. అప్పుడు "ఇది రాదు" అని చెప్పడానికి సిగ్గు ఉండదు.

స్కిల్‌ల్యాబ్ ట్యూటర్, గుంటూరు
చాలా ఉపయోగపడింది. లీడ్స్ సిస్టర్ మాటకి ఒకటి చేర్చాలి. నర్సు నైపుణ్యం ఎలా పెరుగుతుందో పాట్రీషియా బెన్నర్ 1984లో చెప్పిన ఐదు మెట్లలో కొత్త గ్రాడ్యుయేట్ రెండో మెట్టు మీద ఉంటుంది. మూడోది ఎక్కడానికి ఒకే రకమైన పనిలో రెండు మూడేళ్లు పడుతుంది. ఇది తెలిస్తే ఫ్రెషర్‌ని పదిహేను రోజులకోసారి వార్డు మార్చడం ఎంత నష్టమో అర్థమవుతుంది. సర్జికల్ వార్డులో డ్రెయిన్లు, డ్రెస్సింగ్‌లు చేతికి వస్తున్న సమయానికి డయాలసిస్‌కి పంపితే మళ్లీ మొదటి మెట్టుకి దిగుతుంది. స్టాఫ్ తక్కువున్న చోటల్లా ఫ్రెషర్‌తోనే నింపేస్తారు. కనీసం ఆరు నెలలు ఒకే చోట ఉంచమని ఎన్‌ఎస్‌లని (నర్సింగ్ సూపరింటెండెంట్లని) గట్టిగా అడగాలి.

రెండోది లాగ్‌బుక్. ఇప్పుడు స్కిల్ పక్కన ఒక్క సంతకం. దాన్ని మూడు గడులు చేస్తున్నాను: చూశాను, సాయంతో చేశాను, ఒంటరిగా చేస్తుంటే ట్యూటర్ చూశారు. ఉద్యోగంలో చేరినప్పుడు మూడో గడి ఖాళీగా ఉన్నవాటి జాబితానే మొదటి నెల ట్రైనింగ్ ప్లాన్. ఫోలీస్ (మూత్రం ట్యూబ్) వేయడం "చూశాను" దగ్గరే ఆగిన వాళ్లు చాలామంది ఉంటారు. మగ పేషెంట్‌లో మూత్రం కనిపించగానే బెలూన్ ఊదేస్తారు. ట్యూబ్ వై ఆకారంలో చీలే చోటు దాకా లోపలికి వెళ్లకుండా 10 ఎంఎల్ నింపితే బెలూన్ మూత్రనాళంలోనే ఉబ్బి చీలుస్తుంది. బెలూన్‌కి స్టెరైల్ వాటర్ వాడాలి, సెలైన్ అయితే స్ఫటికాలు కట్టి తీసేటప్పుడు ఖాళీ కాకపోవచ్చు. రైల్స్ ట్యూబ్‌లో గాలి కొట్టి స్టెత్‌తో వినడం ఇంకా చాలా చోట్ల నేర్పుతున్నారు. ఊపిరితిత్తుల్లో ఉన్నా ఆ శబ్దం వినిపిస్తుంది. ట్యూబ్‌లోంచి లాగిన ద్రవం పీహెచ్ 5.5 లోపు ఉందా చూడాలి, అనుమానం ఉంటే ఎక్స్‌రే.

హాస్పిటల్‌లో అవకాశం దొరకని స్కిల్స్‌కి సిమ్యులేషన్ సరిపోతుందా అని అడిగేవాళ్లకి: అమెరికాలో ఎన్‌సీఎస్‌బీఎన్ (రాష్ట్రాల నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి) 2014లో వెలువరించిన పెద్ద అధ్యయనంలో క్లినికల్ గంటల్లో సగం దాకా మంచి సిమ్యులేషన్‌తో మార్చినా ఫలితాల్లో తేడా రాలేదు. "మంచి" అన్నదే ముఖ్యం. బొమ్మ ముందు పాతికమందిని నిలబెట్టి ఒకరితో చేయించడం సిమ్యులేషన్ కాదు.

ఎమర్జెన్సీ సిస్టర్, విశాఖపట్నం
మొదటి నైట్ డ్యూటీకి ముందు ఒక్కటి చేయించండి. క్రాష్ కార్ట్ (ఎమర్జెన్సీ మందుల, సామాన్ల బండి) సొరుగులు కళ్లు మూసుకుని తీయగలగాలి: అడ్రినలిన్ ఎక్కడ, అంబూ బ్యాగ్ మాస్క్‌తో సహా ఎక్కడ, లారింగోస్కోప్ లైట్ వెలుగుతోందా, సక్షన్ పనిచేస్తోందా. రాత్రి 8కి డ్యూటీ ఎక్కగానే ఈ చెకింగ్.

పేషెంట్ స్పందించకపోతే కొత్తవాళ్లు సీనియర్ కోసం పరుగెత్తుతారు. పరుగెత్తకూడదు. అక్కడే నిలబడి అరవాలి, కోడ్ బ్లూ (గుండె ఆగిందని టీమ్‌ని పిలిచే ప్రకటన) చెప్పించాలి, పది సెకన్లలోపు శ్వాస, మెడ దగ్గర పల్స్ చూసి, లేకపోతే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. నిమిషానికి 100–120, లోతు 5–6 సెంటీమీటర్లు, 30కి 2 శ్వాసలు. మెత్తటి పరుపు మీద నొక్కితే పరుపే దిగుతుంది, వీపు కింద బోర్డు పెట్టాలి. టీమ్ వచ్చాక కొత్తమ్మాయికి ఒకే పని ఇవ్వాలి: టైమ్ రాయడం. అడ్రినలిన్ 1 మిల్లీగ్రామ్ ప్రతి 3–5 నిమిషాలకి, ఎప్పుడిచ్చారో రాసేవాళ్లు లేకపోతే రెండుసార్లు పోతుంది, లేదా పోనే పోదు. రాస్తూ ఉన్నప్పుడు మొత్తం క్రమం అర్థమవుతుంది. తర్వాతి కోడ్‌లో చేతులు వణకవు.

ఇంకొకటి సీనియర్లకి. తప్పుని పేషెంట్ ముందు ఎత్తి చూపితే ఆ అమ్మాయి మళ్లీ ప్రశ్న అడగదు. అడగని నర్సు చేసే తప్పు మందుల ట్రేలో బయటపడుతుంది. పక్కకి పిలిచి, ఏ స్టెప్పు తప్పిందో ఆ స్టెప్పే చెప్పి, వెంటనే మళ్లీ చేయించండి.

ఐసీయూ నైట్ బ్రదర్, హైదరాబాద్
వరంగల్ సార్ నార్‌అడ్రినలిన్ లెక్కకి ఒక సవరణ. లెక్క సరిగ్గానే ఉంది, కానీ ఆంప్యూల్ లేబుల్ దగ్గర కొత్తవాళ్లు తప్పుతారు. బైటార్ట్రేట్ 2 మిల్లీగ్రాములంటే అసలు నార్‌అడ్రినలిన్ 1 మిల్లీగ్రామే. ఎంఎల్‌కి బైటార్ట్రేట్ 2 అని రాసిన 2 ఎంఎల్ ఆంప్యూల్ ఒకటి వేసి "4 మిల్లీగ్రాములు" అనుకుంటే సిరంజిలో అసలు మందు సగమే ఉంటుంది. మీ యూనిట్ ప్రోటోకాల్ ఏ లెక్కలో రాశారో చూసుకుని, లేబుల్ మీద కూడా అదే రాయాలి. మరొకటి, ఈ మందు ప్రభావం రెండు మూడు నిమిషాల్లోనే పోతుంది. పాత సిరంజి ఖాళీ అయ్యాక కొత్తది కలపడం మొదలుపెడితే బీపీ కూలిపోతుంది. అరగంట మందు మిగిలి ఉండగానే రెండోది సిద్ధంగా ఉండాలి.

ఫార్మకాలజీ ట్యూటర్, వరంగల్
ధన్యవాదాలు బ్రదర్, అది రాయాల్సిందే. మేడమ్, షీట్‌లో నార్‌అడ్రినలిన్ లెక్క పక్కన ఆంప్యూల్ లేబుల్ ఫొటో పెట్టండి, ప్రశ్న లేబుల్‌తోనే మొదలవ్వాలి. ఇన్సులిన్‌కి కూడా అంతే. ఖాళీ వయళ్లు రెండు రకాలూ, సిరంజిలు రెండు రకాలూ ట్రేలో కలిపి పెట్టి, సరైన జత తీయమనండి.

స్కిల్‌ల్యాబ్ ట్యూటర్, గుంటూరు
రెండూ చేర్చాను. ఫోన్ ప్రాక్టీస్‌కి నెల్లూరు అమ్మాయి ప్రశ్ననే మొదటి కేసుగా పెట్టాను: శ్వాస 24, బీపీ 104, రాత్రి 2 గంటలు, డీఎంఓ నిద్రలో ఉన్నారు. మిగతా వార్డుల వాళ్లు, ముఖ్యంగా లేబర్ రూమ్, పీడియాట్రిక్స్, మీ దగ్గర మొదటి నెలలో తప్పే స్టెప్పులు రాయండి. పిల్లల డోసులకి షీట్ వేరుగా చేస్తున్నాను.